మాటల్లేని నాలుగు పేజీలు

బొమ్మలాయన తల్లికి అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఆవిడ ఎవరి దగ్గరా దాచుకోలేదు. బస్సు ఎక్కడికి పోతుందో పక్కవాళ్ళని అడిగి ఎక్కేది, ఇంటికి ఏ కాగితం వచ్చినా కొడుకు ముందు పడేసేది. ముప్ఫై ఏళ్ళు దర్జీ దుకాణంలో చొక్కాలకి కాజాలు కుట్టి, కళ్ళు మసకబారాక మానేసింది. అలా చదువురాని మనిషికి కొడుకు పుస్తకాలంటే ఎక్కడలేని గర్వం. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ నాలుగు పుస్తకాలూ బల్ల మీదికి వచ్చేవి.

అవి బొమ్మల నవలలు. పేజీకి ప్యానెళ్ళనే ఆరు గళ్ళు, ప్యానెల్‌కో బొమ్మ, మనుషుల మాటలు బుడగల్లో. పిల్లల కోసం వేసినవి కావు. పెద్ద ప్రచురణకర్తలెవరూ వాటి జోలికి రారు. ఊరి చివర ఒక కారు షెడ్డులో పాత ముద్రణ యంత్రం పెట్టుకుని, తనకి నచ్చినవాళ్ళవి మాత్రమే అచ్చువేసే ఒకావిడ ఉంది. అందరూ ఆవిడని ప్రెస్సక్క అంటారు. నాలుగు వందల ప్రతులు వేసి, తనే మడతపెట్టి, తనే కుట్టి, సంచీలో వేసుకుని తిరిగి అమ్మేది.

కొత్త పుస్తకం వచ్చిన ఆదివారం మధ్యాహ్నం బొమ్మలాయన తల్లి పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి వినిపించేవాడు. చదివి వినిపించేవాడు అనడం కూడా కాస్త మర్యాదకే. బుడగలో ఒకటి ఉంటే నోటితో ఇంకొకటి చెప్పేవాడు. అతని మొదటి నవలలో కోడలు అత్తని నోటికొచ్చినట్టు తిడుతుంది. అమ్మకి చదివినప్పుడు మాత్రం ఆ కోడలు "అన్నం తిన్నారా అత్తయ్యా" అని అడిగింది. పుస్తకంలో ఎంత బూతున్నా అమ్మ చెవి దగ్గరికి వచ్చేసరికి అది ఆశీర్వాదమైపోయేది. ఆవిడ మురిసిపోయేది. నా కొడుకు ఒక్క చెడ్డ మాట రాయడమ్మా అని ఇరుగమ్మకీ పొరుగమ్మకీ చెప్పుకునేది.

అయిదో పుస్తకం దగ్గర అతనికి చెమటలు పట్టాయి. ఎందుకంటే అది చిట్టి కథ.

చిట్టి అతని చెల్లెలు. ముప్ఫై రెండేళ్ళ కిందట, నాలుగేళ్ళ పిల్ల, వాళ్ళు అద్దెకున్న ఇంటి డాబా మీంచి పడి చనిపోయింది. మెట్ల పైన డాబా తలుపుకి ఎత్తుగా ఒక గడియ ఉండేది. దాని పిడి ఊడిపోతే తండ్రి ఒక మేకు వంచి బిగించాడు. ఆ గడియ చిట్టికి అందదు. అంటే ఎవరో తీసి ఉంచారన్నమాట. ఆ రోజు పొద్దున బట్టలు ఆరేసి దిగింది తల్లి. ఇంకేముంది, గడియ పెట్టడం మర్చిపోయింది ఆవిడే అని తేల్చేశారు. పెట్టాను, నేను పెట్టాను అని వారం రోజులు ఆవిడ కనబడ్డవాళ్ళందరికీ మొత్తుకుంది. భర్త నమ్మలేదు. భర్త అక్క అసలే నమ్మలేదు. పది రోజులు గడిచాక ఆవిడకే అనుమానం వచ్చింది. నెల తిరిగేసరికి, అవును, నేనే మర్చిపోయాను అనడం మొదలుపెట్టింది. భర్త ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు. ఆ ఇరవై ఏళ్ళూ ఆవిడ మొహం చూసి మాట్లాడలేదు. ఏం కావాలన్నా కొడుకుతో చెప్పించేవాడు.

గడియ తీసింది ఆ కొడుకే. తొమ్మిదేళ్ళవాడు. డాబా మీద ఉండిపోయిన రబ్బరు బంతి కోసం బాత్రూంలోంచి బకెట్టు మోసుకెళ్ళి, బోర్లించి, ఎక్కి, గడియ లాగాడు. బంతి తెచ్చుకున్నాడు. కింద ఎవరో ఆటకి పిలిస్తే తలుపు అలాగే వదిలేసి దిగిపోయాడు. ఆ తర్వాత కేకలు విని వచ్చి, పెద్దవాళ్ళంతా వీధిలోకి పరిగెత్తుతుంటే, వాడొక్కడే పైకి వెళ్ళి బకెట్టు తెచ్చి మళ్ళీ కుళాయి కింద పెట్టాడు. మొదట భయంతో చెప్పలేదు. తర్వాత సిగ్గుతో చెప్పలేదు. ఇంకొన్నేళ్ళకి చెప్పకపోవడం అలవాటైపోయింది.

నలభై ఒకటో ఏట అది కక్కకపోతే చచ్చిపోతాననిపించింది అతనికి. తల్లికి చెప్పే ధైర్యం లేదు. ముక్కూ మొహం తెలియని నాలుగు వందల మందికి చెప్పుకుంటే గుండె తేలికపడుతుంది, అమ్మకి చదువు రాదు కాబట్టి అమ్మకి తెలియదు అనుకున్నాడు. ఎంత తెలివి చూడండి. మనుషుల మొహాలు మార్చేశాడు, ఇంటిని మార్చేశాడు. అమ్మకి వినిపించడానికి వేరే మాటలు ముందుగానే ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. ఆ పాఠంలో చెల్లెలు చచ్చిపోదు, పిన్నిగారింటికి వెళ్ళిపోతుంది.

ప్రెస్సక్క చిత్తుప్రతి చూసి, గడియ తీసే నాలుగు పేజీల దగ్గర ఆగిపోయింది. ఆ పేజీల్లో పిల్లాడు తనలో తాను ఏదో అనుకుంటూ ఉంటాడు, బుడగల నిండా మాటలు.

"ఈ నాలుగింట్లో మాటలు తీసెయ్యి. బొమ్మే చెప్తోందిగా, మళ్ళీ నువ్వెందుకు మధ్యలో," అంది ప్రెస్సక్క.

ఆవిడ చెప్పింది నిజమే. తీసేశాడు. మాటలు పోయాక ఆ పేజీలు చూసుకుని తనే నోరు తెరిచాడు. ఇరవై నాలుగు ప్యానెళ్ళు, ఒక్క అక్షరం లేదు, అంత బాగా అతను జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అతని ఉద్యోగం ఫ్యాన్లూ మిక్సీలూ తయారుచేసే కంపెనీలో. ఏ మర ఎక్కడ బిగించాలో చదువు రానివాళ్ళకి కూడా తెలిసేలా కాగితం మీద బొమ్మలు వెయ్యడం. పదహారేళ్ళుగా నెల నెలా జీతం తీసుకుంటున్నదే అందుకు. అలాంటి మనిషికి, ఆ నాలుగు పేజీలూ అమ్మ చదవగలదని తట్టలేదు.

పుస్తకాన్ని మొదట ఒక చిన్న ప్రచురణల సంతలో పెట్టారు. పాత గిడ్డంగిలో అరవై బల్లలు, బల్లకో మనిషి, తను వేసుకున్న పుస్తకం. ఒక నర్సు తను చూసిన రోగుల పాదాలు మాత్రమే వేసి పుస్తకం చేసింది, ఒక్క మొహం కూడా లేదు. ఒక బస్సు కండక్టరు, రోజూ ఒకే సీట్లో కూర్చుని ఏడ్చే ఒక ప్రయాణికుణ్ణి నూటయాభై పేజీలు వేశాడు. భర్త పోయిన ఒకావిడ అతని అలమారాలో దొరికిన వస్తువులు పేజీకొకటి చొప్పున వేసింది. సగం వస్తువులు ఎవరివో ఆమెకే తెలియదట. పెళ్ళి పెటాకులైన ఒక అమ్మాయి ఇంటి ప్లాను వేసుకుంటూ పోయింది, పేజీ తిప్పినకొద్దీ అందులో గోడలు పెరుగుతుంటాయి. ఇంట్లో నోరు విప్పి చెప్పుకోలేనిదాన్ని అందరూ అచ్చువేసుకుని తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. బొమ్మలాయనకి మొదటిసారి తనవాళ్ళ మధ్య కూర్చున్నట్టనిపించింది.

మధ్యాహ్నం ఒక నడివయసు స్త్రీ వచ్చి ఆ నాలుగు పేజీలూ నిలబడే చదివింది. చదివి, పుస్తకం గుండెకి ఆనించుకుని, తనకీ ఒక తమ్ముడుండేవాడని మాత్రం చెప్పి, కొనుక్కుని వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా నాలుగు వందలూ అయిపోయాయి. ఒక పత్రికలో మంచి సమీక్ష వచ్చింది. ముఖ్యంగా చివర్లో, తల్లి రాత్రి పడుకునే ముందు ఇంట్లో ప్రతి గడియనీ మూడుసార్లు లాగి చూసుకునే పేజీని ఆ సమీక్షకుడు ఆకాశానికెత్తాడు. బొమ్మలాయన ఆ కాగితం కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. అంతమంది చదివారు, ఏడ్చారు, ఒక్కరూ తిట్టలేదు. ఇక తన పాపం తీరిపోయిందనే అనుకున్నాడు.

ఇంట్లో మాత్రం అమ్మ ఊరుకోలేదు. కొత్త పుస్తకం వచ్చిందటగా, నాకెప్పుడు చదువుతావు అని రోజూ అడిగేది. ఈ వారం పనుంది, వచ్చే వారం అని రెండు నెలలు దాటవేశాడు. చివరికి ఒక ఆదివారం తప్పించుకోలేక కూర్చున్నాడు.

ఆవిడ చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, పుస్తకం తన ఒళ్ళో పెట్టుకుంది. అతను నోటు పుస్తకంలో బట్టీపట్టిన మాటలు ఒక్కొక్కటే అప్పజెప్పాడు. అన్నాచెల్లెళ్ళు దాగుడుమూతలు ఆడుతున్నారన్నాడు. అమ్మ పని నుంచి వచ్చి ఇద్దరికీ కథ చెబుతోందన్నాడు. ఆవిడ ఊఁ కొడుతూ, పిల్ల గౌను చూసి, గుండీలు ముందుకి వేశావేమిటి, ఆ వయసు పిల్లలకి వెనక పెడతారు అని తప్పు పట్టింది. అతను నవ్వాడు కూడా. ఆ నవ్వుతోనే పేజీ తిప్పి, ఇప్పుడు పిల్లాడికి ఒక కల వస్తోందమ్మా అని మొదలుపెట్టాడు.

ఆవిడ అరచెయ్యి పేజీ మీద పెట్టింది.

"నువ్వాగరా. ఇక్కడ రాతే లేదుగా. ఇది నేను చదువుతాను."

అతను పుస్తకం లాక్కోవాలనుకున్నాడు, చెయ్యి లేవలేదు.

ఆవిడ వేలు మొదటి ప్యానెల్ మీద పెట్టి, చిన్నపిల్ల కూడబలుక్కున్నట్టు పైకే చదివింది. పిల్లాడు బకెట్టు మోస్తున్నాడు అంది. రెండు చేతులా పట్టుకున్నాడు, బరువుగా ఉంది కాబోలు అంది. మెట్లెక్కాడు. బోర్లించాడు. దాని మీద ఎక్కాడు. ఆ తర్వాతి ప్యానెల్ దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడ గడియ ఒక్కటే ఉంది, పిడి స్థానంలో వంచిన మేకుతో. మొహాలన్నీ మార్చినవాడు ఆ మేకుని మార్చలేదు. చూసిన వస్తువుని చూసినట్టు వెయ్యడం తప్ప అతనికి వేరే పద్ధతి రాదు.

ఈ మేకు మీ నాన్న కొట్టింది అంది ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. బంతి తీసుకున్నాడు, దిగిపోయాడు, తలుపు తీసే ఉంది అంటూ ముందుకి వెళ్ళింది. మూడో పేజీలో మెట్ల మీద చిన్న చిన్న పాదాలు పైకెక్కుతున్నాయి. అక్కడ ఆవిడేమీ చదవలేదు. ఆ పాదాలని ఒక్కొక్కటే వేలితో తడిమింది. తర్వాత ఖాళీ ఆకాశం. తర్వాత ఆ నాలుగింట్లో ఆఖరి పేజీ.

"బకెట్టు తెచ్చి కుళాయి కింద పెట్టాడు," అంది. అని, తలెత్తి కొడుకు వంక చూసింది.

కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"నేను గడియ పెట్టాను," అంది ఆవిడ. "పెట్టానురా. లాగుతుంటే మేకు వేలికి గీసుకుంది. ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. గుర్తొచ్చినప్పుడల్లా, అది ముందురోజుదై ఉంటుందిలే అని నా నోరు నేనే మూసుకున్నాను."

అతను ఏడుస్తూ, అప్పటికి నాకు తొమ్మిదేళ్ళమ్మా అన్నాడు. నలభై ఒక్క ఏళ్ళ మనిషి నోట్లోంచి ఆ మాట ఎంత నీచంగా వినబడిందో అతనికే తెలిసింది.

"తొమ్మిదేళ్ళవాడొచ్చి చెప్పుంటే ఒళ్ళో వేసుకుని వాడితో పాటు ఏడ్చేదాన్ని. వాణ్ణి నేనేమీ అనను. మీ నాన్న పోయేనాటికి నీకు ఇరవై తొమ్మిది. నేను గ్లాసు పట్టుకెళ్తే మొహం తిప్పుకున్నాడు. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని నువ్వే తాగించావు."

ఆ తర్వాత ఆవిడ పుస్తకం చివరిదాకా తనే తిప్పింది. తల్లి గడియలు లాగి చూసుకునే పేజీ వచ్చింది. సమీక్షకుడు మెచ్చుకున్న పేజీ. అందులో మొహం వేరేవాళ్ళది, వేళ్ళు మాత్రం ఆవిడవే, సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయలు కాసిన వేళ్ళు. అంటే ఇన్నేళ్ళూ నేనలా తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నావన్నమాట అంది. ఇది ఎంతమంది చదివారని అడిగింది. నాలుగు వందల మంది అని చెప్పక తప్పలేదు. వాళ్ళందరికీ తెలిశాక నాకు తెలిసిందా అని, పుస్తకం మూసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఆ ఇంట్లో మాట లేదు. ఆవిడ వండింది, అతను తిన్నాడు. మూడో రోజు పొద్దున్నే ఆవిడ మంచి చీర కట్టుకుని, పుస్తకం సంచీలో పెట్టుకుని, పద, మీ అత్త దగ్గరికి అంది. ఆఫీసుకి సెలవు పెట్టి వెంట నడిచాడు.

అత్తంటే తండ్రికి అక్క. బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైంది. ఎనభై దగ్గరపడింది. ముప్ఫై రెండేళ్ళ కిందట తప్పు తల్లిదేనని మొత్తం బంధువులకి తీర్పు వినిపించింది ఆవిడే. ఇప్పుడు పాత సంగతులు తెలిసినవాళ్ళలో మిగిలింది కూడా ఆవిడే. ఆవిడొక్కతి నమ్మితే చాలు, తల్లి అడగబోయేది అంతే.

అత్త భూతద్దం తెచ్చుకుని, పంతులమ్మ కదా, అట్ట నుంచి మొదలుపెట్టింది. ప్రతి బుడగా పెదవులు కదిలిస్తూ చదివింది. ఆ నాలుగు పేజీలు రాగానే చకచకా తిప్పేసింది.

తల్లి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, "అవి చూడు వదినా," అంది.

ఇందులో రాతేమీ లేదుగా అంది అత్త. అయినా వెనక్కి తిప్పి చూసింది. తల్లి పక్కన కూర్చుని, బకెట్టూ గడియా మేకూ ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. అంత ఆత్రంగా ఆవిడ మాట్లాడటం కొడుకు ఎప్పుడూ చూడలేదు. అత్త మొహంలో రంగు మారింది. తర్వాత మెల్లగా పుస్తకం మొదటికి తిప్పి, లోపలి పేజీలో అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద భూతద్దం పెట్టి చదివింది.

"ఇందులోని పాత్రలు, సంఘటనలు పూర్తిగా కల్పితం. ఎవరినీ ఉద్దేశించినవి కావు." చదివి తల్లి వంక జాలిగా చూసింది. "నీ కొడుకే అచ్చేయించాడు కదమ్మా."

ప్రెస్సక్క ప్రతి పుస్తకంలోనూ ఆ వాక్యం వేస్తుంది. అతని అయిదు పుస్తకాల్లోనూ ఉంది. ఏనాడూ దాన్ని పట్టించుకోలేదు. తల్లికి ఆ వాక్యం ఉందనే తెలియదు. ఆవిడ అత్త వంకా, ఆ చిన్న అక్షరాల వంకా చూసి, కొడుకు వైపు తిరిగింది.

"చెప్పరా," అంది.

అతను మొట్టమొదటిసారి నోటితో చెప్పాడు. నేనే తీశానత్తా, బకెట్టెక్కి నేనే తీశాను, అమ్మ గడియ పెట్టింది అన్నాడు. చెబుతుంటే గొంతు వణకలేదు. ఏళ్ళ తరబడి ఆదివారం మధ్యాహ్నాలు లేని మాటలు ఉన్నట్టు చదివి చదివి నున్నబడ్డ గొంతది. నిజం కూడా అందులోంచి అలాగే జారింది.

అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికి పిలిచి తల నిమిరింది.

"బంగారంలాంటి కొడుకువిరా. అమ్మ మీదున్న మచ్చ నీ మీద వేసుకుంటున్నావు," అంది. తల్లి చెయ్యి కూడా తన చేతిలోకి తీసుకుంది. "నువ్వింకా దాన్నే పట్టుకుని కుమిలిపోతున్నావా పిచ్చిదానా? మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. నేను నిన్నెప్పుడో క్షమించేశాను."

అతను ఒట్టు పెట్టాడు. బంతి రంగు చెప్పాడు, కింద నుంచి పిలిచిన పిల్లాడి పేరు చెప్పాడు. చెప్పినకొద్దీ అత్త, అంతా కళ్ళకి కట్టినట్టు అల్లావురా అని మెచ్చుకుంది. తల్లి చెయ్యి విడిపించుకుని, పుస్తకం సంచీలో పెట్టుకుని, వెళ్ళొస్తాం వదినా అంది.

బస్టాపులో నీడ లేదు. ఇద్దరూ ఎండలోనే నిలబడ్డారు. అతను ప్రెస్సక్కతో మాట్లాడి ఆ వాక్యం తీయించి మళ్ళీ అచ్చువేయిస్తానన్నాడు, ఇదంతా నిజమని పెద్ద అక్షరాలతో రాయిస్తానన్నాడు, బంధువులందరికీ తలో ప్రతి పంపిస్తానన్నాడు. తల్లి రోడ్డు వంకే చూస్తూ అంది.

"మీ నాన్నకి ఆ రోజే చెప్పుంటే నమ్మేవాడురా. నీకప్పటికి బొమ్మలతో కథలు అల్లడం రాదుగా."

బస్సు వచ్చింది. ఎక్కడికి పోతుందని ఆవిడ అతన్ని అడగలేదు. పక్కనున్న ఎవరినో అడిగి ఎక్కింది.